‘నీ ఉప్పు నువ్వే వేసుకో’ అనే ఇంటిపేరు

చెక్ దేశంలోని ఓలోమౌట్స్ పాతబస్తీలో తిరిగేవాళ్ల చూపంతా పైనే ఉంటుంది. చర్చి గోపురాలు, మేడల మీది శిల్పాలు, నగరం నడిబొడ్డున 35 మీటర్ల ఎత్తున నిలిచిన హోలీ ట్రినిటీ స్తంభం. ఆ చూపును కాస్త కిందికి దించి ఇళ్ల గుమ్మాల పక్కనున్న కాలింగ్ బెల్ పలకల్ని చదవడం మొదలుపెడితే మాత్రం కాళ్లు ఇక ముందుకు సాగవు. ఒక్కో బొత్తాం పక్కన వేలెడంత చీటీ, దాని మీద ప్లాస్టిక్ రేకు, లోపల ఇంటివాళ్ల పేరు. నవ్రాతిలోవి. దొస్తాలోవి. పోస్పీషిలోవి. జప్లెతలోవి. చివర వచ్చే ‘ఓవి’కి అర్థం ‘ఫలానా వారు’ అని. దాన్ని పక్కన పెడితే మిగిలేవి క్రియలు: తిరిగొచ్చాడు, మాట నిలుపుకున్నాడు, తొందరపడ్డాడు, చిక్కుపడ్డాడు. మూడంతస్తుల ఇంటి గుమ్మం ముందు నిలబడితే ఎవరో నలుగురి కథలు ఒక్కో మాటలో చెప్పినట్టుంటుంది.

ఓలోమౌట్స్ ఉన్నది చెక్ దేశపు తూర్పు భాగమైన మొరావియాలో. ఇంటిపేరు ఎలా పుడుతుందో, ఎలా పాకుతుందో, ఎలా అంతరించిపోతుందో చూడాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు యూరప్‌లో దొరకడం కష్టం. అక్కడ ‘నవ్రాతిల్’ వీధికొకరు ఉంటారు. ‘ఓసోల్సోబ్యె’ అనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కుటుంబాలే. రెండూ పల్లెటూరి జనం నోట పుట్టిన పేర్లే. ఒకటి అంతగా విస్తరించి, మరొకటి ఇంత అరుదుగా మిగిలిపోవడానికి కారణం ఆ వంశాల గొప్పతనంలోనో, లోపంలోనో లేదు. అది తెలియాలంటే ప్రాగ్ నుంచి బయల్దేరాలి.

ప్రాగ్‌లో పేర్లు మామూలుగానే ఉంటాయి. అక్కడివి ఎక్కువగా నామవాచకాలు, విశేషణాలు. సంగీతకర్త స్మెతనా పేరుకు మీగడ అని అర్థం. చిత్రకారుడు ముఖా పేరుకు ఈగ అని. ద్వోర్జాక్ అంటే దొరవారి లోగిలికి చెందినవాడు. కాఫ్కా అన్నది కాకి జాతికి చెందిన ఓ చిన్న పిట్ట పేరు. ఫ్రాంజ్ కాఫ్కా తండ్రి తన దుకాణానికి ఆ పిట్ట బొమ్మనే గుర్తుగా పెట్టుకున్నాడు. దేశం మొత్తంలో అందరికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు నోవాక్, అంటే ఊరికి కొత్తగా వచ్చినవాడు. స్త్రీపురుషులు కలిపి అరవై వేలకు పైనే ఉంటారు. ఊరికి ఎవరు కొత్తగా వచ్చినా ఆ పేరు తగిలించేవారు కనుక ఇన్ని వేలమంది నోవాక్‌లకు ఒకరితో ఒకరికి చుట్టరికమేమీ ఉండనక్కర్లేదు. ఈ సంగతి గుర్తుంచుకుంటే ముందు ముందు పనికొస్తుంది.

ప్రాగ్ పెద్ద స్టేషన్‌లో రైలెక్కితే ఓలోమౌట్స్‌కు రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పార్దుబిత్సె దాటేదాకా చదునైన నేల. చెస్కా త్ర్జెబోవా తర్వాత రైలు కొండల్లోకి దూరుతుంది, మొరావ్స్కా సాజవా అనే చిన్న నది లోయ వెంట సొరంగాలు దాటుతూ సాగుతుంది. జాబ్ర్జెహ్ స్టేషన్ వచ్చేసరికి లోయ విచ్చుకుని మళ్లీ మైదానం మొదలవుతుంది. దేశపు పడమటి భాగమైన బొహీమియా వెనకబడి మొరావియా వచ్చిందనడానికి అదే గుర్తు. దక్షిణానికి పోయేకొద్దీ నల్లరేగడి చేలు, గోధుమ, బార్లీ, చక్కెర దుంప. ఆ మైదానం పేరు హనా. చెక్ నేలల్లో అతి సారవంతమైనవాటిలో ఇదొకటి. నిలకడైన, కలిగిన రైతుల సీమ. లొష్తిత్సె అనే ఊళ్లో చేసే ఘాటైన వాసన జున్ను, నిదానంగా సాగదీసే యాస, భూతకాలపు క్రియలు ఇంటిపేర్లు కావడం, ఈ మూడూ హనా గుర్తులు.

ఆ పేర్ల పట్టిక చదువుతుంటే వీధిలో జనం మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. దొలెజల్: పనికి పోకుండా పడుకున్నాడు. విస్కోచిల్: బయటికి దూకాడు. దొహ్నల్: పరుగెత్తి అందుకున్నాడు. జ్ద్రజిల్: ధర పెంచాడు. నెఓరల్: దున్నలేదు. క్వపిల్: హడావుడి పడ్డాడు. ఆధునిక చెక్ కవిత్వంలో పెద్ద పేర్లలో ఒకటైన వీత్యెజ్‌స్లవ్ నెజ్వల్ 1900లో మొరావియాలోని బిస్కోప్కి అనే పల్లెలో పుట్టాడు. నెజ్వల్ అంటే ‘పిలవలేదు’. మొరావియాలోని బ్ర్నో నగరపు కవి యాన్ స్కాత్సెల్ పేరుకు ‘పడగొట్టాడు’ అని అర్థం.

ఎలా పుట్టి ఉంటాయి ఇవి? యోసెఫ్ బెనెష్ 1962లో చెక్ ఇంటిపేర్ల మీద పెద్ద పుస్తకం రాశాడు. దొబ్రవా మొల్దనోవా 1983లో ‘మన ఇంటిపేర్లు’ అనే నిఘంటువు వెలువరించింది. ఇలాంటి పండితులు చెప్పేదాని సారం సులువుగానే అర్థమవుతుంది. ఊళ్లో యాన్‌లు పదిమంది, మార్తిన్‌లు ఎనిమిది మంది ఉంటే ఎవరు ఎవరో తెలియడానికి గుర్తు కావాలి. ఒకడు ఎప్పుడో ఒకసారి చేసిన పనో, ఎప్పుడూ చేసే పనో ఆ గుర్తవుతుంది. జ్ద్రజిల్ ఏ సంతలో ధర పెంచాడో, విస్కోచిల్ ఏ కిటికీలోంచి దూకాడో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ సంఘటన చూసినవాళ్లు పోయారు, దాన్ని చెప్పుకుని నవ్వుకున్నవాళ్లూ పోయారు. ఆ మాట మాత్రం నాలుగైదు వందల ఏళ్లుగా పాస్‌పోర్టుల్లో, బడి హాజరుపట్టీల్లో, డాక్టరు గది తలుపు మీద బతికే ఉంది.

ఓలోమౌట్స్‌లో ఈ పేర్లన్నీ ఒక్కచోట కనబడేది నెర్జెడీన్ శ్మశానవాటికలో. చెక్ సమాధులు ఎక్కువగా కుటుంబానికంతటికీ కలిపి ఉంటాయి. నున్నగా మెరుగు పెట్టిన గ్రానైట్ పలక, దాని మీద బంగారు రంగు అక్షరాలు, ముందు ఎర్రగాజు బుడ్డిలో కొవ్వొత్తి. నవంబర్ 2న పితృదినం వచ్చేసరికి చామంతిపూలతో తోవలు నిండిపోతాయి. పలకల మీద మాటను దగ్గరగా చూస్తే భాష చేసే చిన్న చమత్కారం కనిపిస్తుంది. ‘రొదినా నవ్రాతిలొవ’ అని ఉంటే నవ్రాతిల్ వారి కుటుంబం. అదే మాటలో చివరి అచ్చు మీద ఒక చిన్న ఏటవాలు గీత ఉంటే అది దీర్ఘమై ‘నవ్రాతిలోవా’ అవుతుంది, అంటే ఆ ఇంటి స్త్రీ. ఒక గీత తేడాతో కుటుంబమంతా ఒక్క మనిషిగా మారిపోతుంది. రాయి చెక్కేవాడు ఆ గీత దగ్గర ఎంత జాగ్రత్తగా ఉండాలో ఊహించవచ్చు.

నవ్రాతిల్‌లు ఇంతమంది ఎందుకున్నారన్నదానికి సగం జవాబు ఆ నేల చరిత్రలోనే ఉంది. ముప్ఫయ్యేళ్ల యుద్ధంలో స్వీడన్ సైన్యం 1642లో ఓలోమౌట్స్‌ను పట్టుకుని 1650 దాకా విడిచిపెట్టలేదు. వాళ్లు పోయేసరికి నగరం పాడుబడింది, చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో కమతాలు బీడుపడ్డాయి. పన్ను లెక్కల కోసం యుద్ధం తర్వాత మొరావియాలో భూముల రిజిస్టర్లు తయారు చేశారు. అందులో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నవాటిలో ఈ రెండు సంగతులూ ఉన్నాయి: ఇప్పుడు ఈ భూమి ఎవరు చేస్తున్నారు, ముందు ఎవరిది. పాడుబడ్డ కమతం పక్కన ‘బీడు’ అని రాసేవారు. అలాంటి కాలంలో ఊరు విడిచి పారిపోయి మళ్లీ వచ్చిన ప్రతివాడూ నవ్రాతిలే. పేరు అంతకుముందు నుంచీ ఉన్నదే. సైన్యంలోకి పోయి వచ్చినవాడికీ, దొర వెట్టి తట్టుకోలేక పారిపోయి తిరిగొచ్చినవాడికీ, పరాయి ఊళ్లో పనికి పోయి వచ్చినవాడికీ అదే పేరు. అది ఒకచోట పుట్టి పాకిన పేరు కాదు, వంద ఊళ్లలో వందసార్లు విడివిడిగా పుట్టిన పేరు.

మిగతా సగం జవాబు ఇంకా విచిత్రమైనది. ఆ పల్లెల్లో పేరు మనిషి కన్నా ముందు ఇంటిది. ఒక నవ్రాతిల్ కమతాన్ని ఒక దొస్తాల్ కొనుక్కుని అందులో కాపురం పెడితే కొన్నాళ్లకు ఊరంతా అతణ్ని నవ్రాతిల్ అనే పిలిచేది. రైతు చనిపోతే అతని భార్యను పెళ్లాడి వచ్చినవాడికి మొదటి భర్త పేరే వచ్చేది. ఇల్లరికం వెళ్లిన అల్లుడి సంగతీ అంతే. చర్చి రిజిస్టర్‌లో ఫాదర్ కూడా ఒకసారి పాత పేరు, ఒకసారి కొత్త పేరు, ఒక్కోసారి రెండూ కలిపి రాసేవాడు. ఒకే తల్లికి పుట్టిన అన్నదమ్ములు వేరువేరు ఇళ్లలో స్థిరపడి వేరువేరు ఇంటిపేర్లతో చనిపోయిన ఉదాహరణలు వంశవృక్షాలు వెతికేవాళ్లకు తరచూ తగులుతాయి. చెక్‌వాళ్లు దీన్ని ‘పో ఖలుపె’ అంటారు, అంటే ఇల్లు ఇచ్చిన పేరు. ‘ఇంటిపేరు’ అన్న మాటను రోజూ వాడే తెలుగువాళ్లకు ఈ పద్ధతి వివరించాల్సిన పనే లేదు.

ఆ స్వేచ్ఛ 18వ శతాబ్దం చివరిదాకా సాగింది. అంతకుముందే, 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ తర్వాత, క్యాథలిక్ చర్చిలు పెళ్లిళ్లూ బాప్తిస్మాలూ రాసిపెట్టడం మొదలైంది. అయినా పేరు ఇదే ఉండాలన్న నియమం లేదు. సైన్యానికి మనుషులు కావాలి, ఖజానాకు పన్ను కావాలి అన్న పట్టుదలతో రెండో జోసెఫ్ చక్రవర్తి 1780లలో ఆ పేర్లను ఎక్కడివక్కడ బిగించేశాడు. 1784లో పుట్టుక, పెళ్లి, చావు మూడింటికీ వేరువేరు పుస్తకాలు పెట్టించాడు. అప్పటికి ఎవరు ఏ ఇంట్లో ఉంటే ఆ పేరే వాళ్ల మనవళ్లకు దక్కింది. ఈనాడు ‘మా తాతముత్తాతలు నవ్రాతిల్‌లు’ అని గర్వంగా చెప్పుకునే మనిషి రక్తంలో మొదటి నవ్రాతిల్ చుక్క కూడా ఉండకపోవచ్చు. అతని పూర్వీకుడు ఒకప్పుడు ఆ ఇంట్లోకి అడుగుపెట్టాడు, అంతే.

ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకోనక్కర్లేదు. ఈ తరహా పేర్లున్నవాళ్లలో ప్రపంచానికి బాగా తెలిసిన ఇద్దరి కథ చూస్తే చాలు. రచయిత బొహుమిల్ హ్రబల్ 1914లో బ్ర్నో శివారు జిదెనిత్సెలో పుట్టాడు. తల్లికి అప్పటికి పెళ్లి కాలేదు. బిడ్డకు ఆమె పుట్టింటి పేరు కిలియాన్ వచ్చింది. తర్వాత ఆమె బీరు కార్ఖానాలో లెక్కలు రాసే ఫ్రంతిషెక్ హ్రబల్‌ను పెళ్లాడింది. పిల్లవాడు హ్రబల్ అయ్యాడు. హ్రబల్ అంటే దంతెతో గడ్డి పోగేశాడని. టెన్నిస్ క్రీడాకారిణి మార్తినా నవ్రతిలోవా 1956లో ప్రాగ్‌లో పుట్టినప్పుడు షుబెర్తోవా. తల్లిదండ్రులు విడిపోయాక తల్లి మిరొస్లవ్ నవ్రాతిల్‌ను పెళ్లాడింది. చిన్నపిల్ల చేత మొదట రాకెట్ పట్టించిన గురువు ఆ మారుతండ్రే. ఆయన పేరే ఆమెకు దక్కి 18 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్ల పక్కన నిలిచింది. ఆమె 1975లో, పద్దెనిమిదేళ్ల వయసులో, అమెరికాలో ఆశ్రయం కోరి దేశాన్ని వదిలేసింది. 1986లో ఫెడరేషన్ కప్ ఆడటానికి అమెరికా జట్టులో సభ్యురాలిగా ప్రాగ్‌లో అడుగుపెట్టింది. 2008లో చెక్ పౌరసత్వం తిరిగి పొందింది. ‘తిరిగొచ్చాడు’ అన్న పేరు మోస్తున్న మనిషి జీవితం ఇలా సాగడం కాకతాళీయమే. హనాలో ఆ పేరు మొదట మోసినవాళ్ల జీవితాల్లోనూ ఒక పోవడం, ఒక రావడం ఉన్నాయని తెలిశాక మాత్రం ఆ కాకతాళీయం మనసును తాకుతుంది.

‘ఓవా’ సంగతీ చెప్పుకోవాలి. చెక్ భాషలో స్త్రీ ఇంటిపేరు సాధారణంగా పురుషుడి పేరుకు ‘ఓవా’ చేరి వస్తుంది. 2016లో హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జాతో కలిసి సిన్సినాటి, టోక్యో డబుల్స్ టైటిళ్లు గెలిచిన బార్బొరా స్త్రీత్సోవా పేరులోనూ అదే ఉంది. స్త్రీత్స్ అంటే తండ్రి తోడబుట్టినవాడు. పాత చెక్‌లో మేనమామకు ‘ఉయెత్స్’ అనే వేరే మాట ఉండేది. మొరావియా పల్లెల మాటల్లో అది ఇంకా వినిపిస్తుంది. అన్నీ ‘అంకుల్’ కింద కలిసిపోని వరసల లెక్క అక్కడా ఉండేదన్నమాట. 2022 జనవరి 1 నుంచి చెక్ స్త్రీలెవరైనా ‘ఓవా’ లేకుండా ఇంటిపేరు పెట్టుకోవచ్చని చట్టం సడలించారు. దాని మీద వాదోపవాదాలు చాలా నడిచాయి. ఏ స్త్రీ పేరు ఎలా ఉండాలో ఆమే నిర్ణయించుకోవాలన్నది న్యాయమైన మాట. ఆ చట్టం ఎప్పుడో రావలసింది.

ఓలోమౌట్స్ నుంచి బ్ర్నోకు రైలు ప్రోస్త్యెయొవ్, విష్కొవ్ మీదుగా పోతుంది. తత్వవేత్త ఎడ్మండ్ హుస్సర్ల్ పుట్టిన ఊరు ప్రోస్త్యెయొవ్. గంటన్నర దాటాక ఫ్యాక్టరీ గొట్టాలు, వాటి వెనక కొండమీద ష్పిల్‌బెర్క్ కోట కనిపిస్తే బ్ర్నో వచ్చినట్టే. మొరావియా పాత చర్చి రిజిస్టర్లలో చాలావాటిని కాపాడుతున్న ప్రాంతీయ పురాభిలేఖాగారం ఇక్కడే ఉంది. చాలా పుస్తకాలను ఇప్పుడు ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. లాటిన్, జర్మన్, చెక్ మూడూ కలగలిసిన పుటలు, గొలుసుకట్టులా వాలిపోయే పాత జర్మన్ రాత. నవ్రాతిల్‌నే ఒకచోట ‘డబ్ల్యు’తో, ఒకచోట ‘వి’తో రాశారు. చెక్ వర్ణక్రమం 19వ శతాబ్దం నడిమికి గానీ కుదురుకోలేదు. రాసేవాడు జర్మన్ అయితే తన చెవికి వినిపించినట్టు రాసేవాడు. అరుదైన పేరును వెతికేటప్పుడు ఇదే పెద్ద చిక్కు: కొన్ని ‘అరుదైన’ పేర్లు, మామూలు పేరునే ఒక గుమాస్తా ఒకనాడు వింతగా రాసిపెట్టగా పుట్టినవి.

నిజంగా అరుదైనవి వేరే ఉన్నాయి. మొరావియాలో క్రియతో ఆగక ఏకంగా వాక్యమే ఇంటిపేరైపోయిన కుటుంబాలున్నాయి. నెయెస్‌ఖ్లెబా: రొట్టె తినకు. స్కోచ్‌దొపోలె: చేలోకి దూకు. వీతామ్‌వాస్: మీకు స్వాగతం. రాత్సెతౌలల్: తిరగడమంటే ఇష్టపడేవాడు. వీటన్నిటిలోకీ గుర్తుండిపోయేది ఓసోల్సోబ్యె: నీ ఉప్పు నువ్వే వేసుకో. ఎక్కడో ఒక సత్రంలోనో, పెళ్లి భోజనంలోనో ఒకరు చప్పగా ఉందని అన్నారనీ, వడ్డించేవాడు ఈ మాటతో జవాబు చెప్పాడనీ అనుకోవచ్చు. లేదా ప్రతివాడికీ అదే మాట చెప్పే అలవాటున్న మొండి మనిషి అయి ఉండవచ్చు. ఏదైతేనేం, ఆ మాట అతన్ని వదల్లేదు, అతని సంతానాన్నీ వదల్లేదు.

ఈ పేరును బ్ర్నోలో చదువుకున్నవాళ్లందరికీ తెలిసేలా చేసినవాడు ఇవో ఓసోల్సోబ్యె. 1928 నుంచి 2012 దాకా జీవించాడు. ఆపరెట్టా, మ్యూజికల్ నాటకాల రంగంలో పనిచేస్తూనే, రంగస్థలం మీద వస్తువును ‘చూపించడం’ అనే పనికి ఒక సిద్ధాంతం కట్టాడు. ‘మాట్లాడే, పాడే, ఆడే నాటకశాల’ అన్న అర్థం వచ్చే ఆయన పుస్తకం 1974లో వచ్చింది. చెక్ వ్యాకరణంలో పేర్లన్నీ విభక్తిని బట్టి తోకలు మార్చుకుంటాయి. ఈ పేరు మారదు. క్రియ, సర్వనామం కలిసిన పూర్తి వాక్యానికి తోక ఎక్కడ తగిలిస్తారు? ఆ ఇంటి స్త్రీలకు కూడా ‘ఓవా’ చేరదు. తండ్రికీ కూతురికీ ఒకటే రూపం. ఆడవాళ్ల పేర్ల గురించి దేశమంతా వాదించుకుంటున్నప్పుడు ఈ ఇంట్లో ఆ ప్రశ్నే లేదు.

ఒక పేరు అంతగా విస్తరించి మరొకటి ఇంత అరుదుగా ఎందుకు మిగిలిందన్న మొదటి ప్రశ్నకు ఇక రావచ్చు. బ్ర్నోలో మెండెల్ పేరు పెట్టిన చౌకు ఒకటుంది. పక్కనే సెయింట్ థామస్ మఠం. గ్రెగొర్ మెండెల్ అక్కడి పెరట్లోనే బఠానీ మొక్కలు పెంచి, తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఏ లెక్కన దిగుతాయో తేల్చి, 1866లో అచ్చు వేశాడు. ఆయన పుట్టిన 1822లోనే ఇంగ్లాండులో ఫ్రాన్సిస్ గాల్టన్ పుట్టాడు. ఆయన కూడా వారసత్వం గురించే ఆలోచించాడు, అయితే మరో దిక్కు నుంచి. పేరున్న వంశాలు ఎందుకు అంతరించిపోతున్నాయి, వాళ్ల సత్తువ తగ్గిపోతోందా, లేక ఉత్త యాదృచ్ఛికమా? 1873లో దీన్ని ఒక లెక్కగా మార్చి ఒక విద్యా పత్రికలో వేయించాడు. హెన్రీ వాట్సన్ అనే మతాధికారి దాన్ని చేపట్టాడు. వాట్సన్ చేసిన లెక్కలో ఒక పొరపాటు దొర్లింది, తర్వాతివాళ్లు సరిచేశారు. అసలు పద్ధతి మాత్రం నిలిచింది. నేడు గాల్టన్-వాట్సన్ ప్రక్రియ అని గణితం పుస్తకాల్లో చదువుకుంటున్నది అదే.

దాన్ని చేత్తో చేసి చూడవచ్చు. వంద వేరువేరు పేర్లు, ఒక్కో పేరుకు ఒక్కడే మగవాడు అనుకుందాం. సగటున ఒక్కొక్కరికి ఎదిగొచ్చే కొడుకు ఒకడు. సగటు ఒకటి అంటే అందరికీ ఒక్కొక్కడని కాదు. ఒకరికి ముగ్గురు, ఇద్దరికి సున్నా. యాదృచ్ఛికంగా పంచితే మొదటి తరంలోనే దాదాపు 37 పేర్లకు కొడుకులు ఉండరు. రెండో తరం దాటేసరికి పోయినవి 53. పది తరాలకు, అంటే సుమారు మూడొందల ఏళ్లకు, 84 పేర్లు మాయమవుతాయి. జనాభా అంతే ఉంటుంది. మిగిలిన పదహారు పేర్లే అందరికీ సరిపోతాయి. నిజ జీవితంలో జనాభా పెరిగింది కనుక నష్టం ఇంత ఘోరంగా ఉండదు. దారి మాత్రం ఇదే. యుద్ధం రాకపోయినా, తెగులు తగలకపోయినా, ఎవరి తప్పూ లేకపోయినా పేర్లు పోతూనే ఉంటాయి.

వంద ఊళ్లలో వందసార్లు పుట్టిన నవ్రాతిల్‌కు ఈ లెక్క భయం లేదు. ఎనభైనాలుగు శాఖలు ఎండినా పదహారు నిలుస్తాయి. ఒక భోజనాల బల్ల దగ్గర, ఒక్క నోట, ఒక్కసారి పుట్టిన ఓసోల్సోబ్యెకు ఉన్నది ఒకే శాఖ. ‘రొట్టె తినకు’ అన్నవాడిదీ అదే పరిస్థితి. మామూలు మాట ఎవరికైనా తడుతుంది కనుక నిలుస్తుంది, చమత్కారపు మాట ఒక్కరికే తడుతుంది కనుక ప్రమాదంలో పడుతుంది. ఎంత సొంపైన పేరైతే అంత ఒంటరిదన్నమాట. మొరావియా తిరిగినవాళ్లకు ఇది కాస్త బాధగానే తోస్తుంది.

యాదృచ్ఛికం చాలదన్నట్టు మనుషులూ చెయ్యి వేశారు. బడిలో ఏడిపిస్తున్నారనో, ఆఫీసులో నవ్వుతున్నారనో పేరు మార్చుకున్నవాళ్లు ఎందరో. ఇంటిపేరు నవ్వులపాలు చేసేలా, అవమానంగా ఉంటే మార్చుకోవడానికి చెక్ చట్టం ఈనాటికీ అనుమతిస్తుంది. జాతి గొడవలు ఇంకొన్నిటిని మార్చాయి. చెక్ జాతీయ వ్యాయామ ఉద్యమం సోకోల్‌ను 1862లో స్థాపించిన మిరొస్లవ్ తిర్ష్ పుట్టుకతో ఫ్రీడ్రిష్ టిర్ష్, జర్మన్ కుటుంబంవాడు. హిట్లర్‌కు వత్తాసు పలికిన సుదేతెన్ జర్మన్ల నాయకుడు కొన్రాద్ హెన్లైన్ తల్లి పుట్టింటి పేరు ద్వోర్జాచెక్, అచ్చమైన చెక్ పేరు. జాతిని బట్టి 1945 తర్వాత లక్షలమంది జర్మన్లను సరిహద్దు దాటించిన చోట ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

యూదుల విషయంలో నష్టం చట్టం రూపంలోనే వచ్చింది. 1726లో ఆరో చార్లెస్ చక్రవర్తి మొరావియాలో 5,106, బొహీమియాలో 8,541 యూదు కుటుంబాలకు మించి ఉండరాదని శాసించాడు. ఇంటికి ఒక్క కొడుకే చట్టబద్ధంగా పెళ్లి చేసుకోవాలి. మిగతావాళ్లు దేశం విడిచిపోవాలి, లేదా గుర్తింపు లేని పెళ్లి చేసుకోవాలి. అలా పుట్టిన పిల్లలకు తల్లి పేరే. 19వ శతాబ్దం నడిమిదాకా ఈ శాసనం నడిచింది. గాల్టన్ లెక్క యాదృచ్ఛికంగా చేసేదాన్ని ఇక్కడ చక్రవర్తి ఆజ్ఞతో చేశారు. ఈలోగా 1787లో రెండో జోసెఫ్ వాళ్లందరూ స్థిరమైన జర్మన్ ఇంటిపేరు పెట్టుకోవాలన్నాడు. ఇంత దాటి మిగిలిన పేర్లు ఎక్కడికి చేరాయో ప్రాగ్‌లోని పింకస్ ప్రార్థనాలయం గోడలు చెబుతాయి. నాజీల చేతిలో చనిపోయిన బొహీమియా, మొరావియా యూదులు దాదాపు 78 వేలమంది పేర్లు చేతితో గోడల మీద రాశారు. ఊరి పేరు, దాని కింద ఎర్ర అక్షరాల్లో ఇంటిపేరు ఒక్కసారి, ఆ వెంట నల్లని అక్షరాల్లో ఆ ఇంటివాళ్ల పేర్లు, తేదీలు. ఒక ఇంటిపేరు వెనక పది పన్నెండు మంది ఉంటారు. అక్కడ ఎర్రగా రాసిన కొన్ని పేర్లు మళ్లీ ఏ కాలింగ్ బెల్ పక్కనా కనిపించవు.

దేశం దాటిపోయిన పేర్లు కొన్ని బతికాయి. వియన్నాలో ఇటుకల బట్టీలకు, కుట్టుపనికి, ఇంటిపనికి వలసపోయిన చెక్‌వాళ్ల మనవలే ఇప్పటి ఆస్ట్రియన్లలో ఎంతోమంది. 1992 నుంచి 2004 దాకా ఆస్ట్రియా అధ్యక్షుడిగా ఉన్న థామస్ క్లెస్టిల్ పేరు హనా తరహా క్రియే: కొమ్మలు నరికాడు. ఆ దేశపు ప్రసిద్ధ ఫుట్‌బాలర్ ప్రోహాస్కా పేరు ప్రోఖాజ్కాకు జర్మన్ రూపం, అంటే షికారు.

ఇంకా దూరం పోయినవి టెక్సస్‌లో ఉన్నాయి. అక్కడికి వలసపోయిన చెక్‌వాళ్లలో ఎక్కువమంది మొరావియావాళ్లే. డాలస్ నుంచి ఆస్టిన్‌కు కారులో పోయే తెలుగు కుటుంబాలకు దారిలో వెస్ట్ అనే చిన్న ఊరు తెలుసు. గసగసాలు, జున్ను, పండ్ల ముద్ద పెట్టి కాల్చిన కొలాచీల కోసం అక్కడ ఆగుతారు. ఆ ఊరి దుకాణాల బోర్డుల మీద, తపాలా డబ్బాల మీద కనిపించే పేర్లు హనావీ, దాని తూర్పు కొండలవీ. గీతలు, చుక్కలు పోయాయి. స్త్రీలకు ‘ఓవా’ పోయింది. దొలెజల్ అక్కడ డోలెజాల్, పోస్పీషిల్ అక్కడ పాస్‌పిసిల్. మొరావియాలో అంతరించిన శాఖ టెక్సస్‌లో నిలిచి ఉండటం అరుదేమీ కాదు. బ్ర్నో రిజిస్టర్ల ఫొటోలను రాత్రిళ్లు తిరగేసేవాళ్లలో ఆ మనవలు, మునిమనవలు చాలామందే.

అరుదైన పేరున్న ఇంట్లో ఇప్పుడు కూతురొక్కతే ఉంటే ఏమవుతుంది? చెక్ చట్టం దీనికి దారి చూపింది. పెళ్లికి ముందు వధూవరులు రిజిస్ట్రార్ దగ్గర ఒక ప్రకటన చేయాలి. ఇద్దరికీ వరుడి పేరు, లేదా ఇద్దరికీ వధువు పేరు, లేదా ఎవరి పేరు వారికే ఉంచుకుని పిల్లలకు ఏది రావాలో ముందే చెప్పడం. ఇద్దరికీ ఒకే పేరు తీసుకుని, రెండోవారు తమ పాత పేరునూ వెనక తగిలించుకోవచ్చు. ఎక్కువమంది ఇప్పటికీ వరుడి పేరే తీసుకుంటారు. వధువు పేరు తీసుకునే వరులూ ఉన్నారు. హనా పల్లెల్లో ఇల్లరికం వెళ్లినవాడికి మూడొందల ఏళ్ల కిందట ఊరివాళ్లు నోటిమాటగా చేసినదాన్నే ఇప్పుడు ఒక కాగితం మీద, తన ఇష్టంతో, సంతకం పెట్టి చేస్తున్నారు.